అబద్ధాల అప్పన్న

తేదీ: 2025 ఫిబ్రవరి 19, బుధవారం. సమయం: ఉదయం 10 గంటల 20 నిమిషాలు. స్థలం: కమ్మింగ్, జార్జియా, పోలీసు ఆఫీసులో కిటికీ లేని గది. విన్నవారు: డిటెక్టివ్ వార్డ్. తెలుగులో రాసినవారు: ఇంటర్‌ప్రెటర్ లక్ష్మీపతి.

నా పేరు పెంటకోట రాజేశ్వరమ్మ. భర్త కీర్తిశేషులు సూర్యనారాయణ. వయస్సు అరవై ఎనిమిది. వృత్తి ఇప్పుడేమీ లేదు. పూర్వం నర్సీపట్నం కోర్టులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి బెంచి క్లర్కుగా రిటైరయ్యాను. ఆరున్నరేళ్ళుగా కమ్మింగ్‌లో మా అమ్మాయి రేణు, అల్లుడు మోహన్ ఇంట్లో ఉంటున్నాను. గ్రీన్ కార్డు ఉంది. మార్చి పదకొండున సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది.

ఈ వాంగ్మూలం నేను కోరి ఇస్తున్నాను. నన్నెవరూ పిలవలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారని, ఇక రానక్కర్లేదని డిటెక్టివ్ గారు ఫోన్‌లో చెప్పారు. ఆయన మర్యాదస్తుడు. అయితే ఫిబ్రవరి ఆరో తేదీన మా గుమ్మంలో నేను చెప్పినట్టుగా రాసుకున్న మాట ఒకటి ఇంకా ఫైలులో ఉంది. అది నా మాట కాదు. దాన్ని చెరపమని నేను అడగడం లేదు, చెరపకూడదు కూడా. దాని పక్కన ఇది పెట్టమంటున్నాను.

నేను తెలుగులో చెబుతాను. లక్ష్మీపతి గారు ముందు తెలుగులో రాస్తారు, తర్వాత ఇంగ్లీషు చేస్తారు, రెండూ ఫైలులో ఉంటాయి. "అంత అవసరమా అమ్మా, డైరెక్ట్‌గా ఇంగ్లీషులో టైప్ చేసేస్తాను కదా" అన్నారాయన. అవసరమే నాయనా, నువ్వు అలా అన్నావని కూడా రాయి అన్నాను. రాశారు.

మేజర్ హ్యూ లాంగ్లీ గారు మా వీధిలో నాలుగిళ్ళ అవతల ఉంటారు. వయస్సు ఎనభై ఆరు. ఇంగ్లండు ఆయన. భార్య ఇక్కడి మనిషి, నాలుగేళ్ళ కిందట కాలం చేశారు. ఒక్కతే కూతురు హెలెన్, వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో ఉద్యోగం. ఇంట్లో ఆయన, ఒక పిల్లి. పిల్లి పేరు బ్రిగేడియర్. తనకంటే పై ర్యాంకు ఇంట్లో ఒకరుండాలని పెట్టానన్నారు.

ఇక్కడి నుంచి కొంత ఆయన చెప్పగా విన్నది. చూసింది వేరు, విన్నది వేరు, ఊహించింది వేరు, మూడూ కలపకూడదని ఆయన పట్టుదల. మా కోర్టులోనూ రూలు అదే. పాటించిన వకీలు మాత్రం నాకు కనపడలేదు.

ఆయన పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరారు. 1958లో, ఇరవయ్యో ఏట, మలయాలో, అంటే ఇప్పటి మలేషియాలో ఉన్నారు. ఒక రబ్బరు ఎస్టేటులో కూలీల ఇళ్ళ దగ్గర నెల రోజులు కాపలా డ్యూటీ పడింది. ఆ కూలీల్లో చాలామంది మన విశాఖపట్నం వైపు నుంచి పోయినవాళ్ళు. అక్కడ ఒక మనిషి ఉండేవాడు. నలభై ఏళ్ళు లేవు, జుట్టు మాత్రం తెల్లబడిపోయింది. అతను చెట్టుకు గాటు పెట్టడానికి వెళుతుంటే పిల్లలు వెనకాల పడి "అబద్ధాల అప్పన్నా! అబద్ధాల అప్పన్నా!" అని అరిచేవారు. అతను వెనక్కి తిరిగేవాడు కాదు. అదేమిటని మేజరు గారు ఎస్టేటు గుమాస్తాని అడిగితే, వీడు దొరల కోర్టులో దొంగ సాక్ష్యం చెప్పాడు సార్ అన్నాడట. మేజరు గారు నవ్వేశారట. ఇరవై ఏళ్ళ వాణ్ణి, అందరూ నవ్వుతున్నారు, నేనూ నవ్వాను అని ఆయన నాతో మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ అదే మాట, అదే వరసలో.

పద్నాలుగేళ్ళు సైన్యంలో చేసి మేజరుగా బయటికొచ్చి లా చదివారు. లండన్‌లో ప్లీడరు పని చేశారు. యాభై దాటాక పాత యుద్ధ నేరాల విచారణల కాగితాలు చదవడం మొదలుపెట్టి, ప్రాక్టీసు మానేసి, దాని మీద రెండు పుస్తకాలు రాశారు. ఎవరిని శిక్షించారు, ఎవరిని వదిలేశారు, ఎందుకు వదిలేశారు, ఇదే ఆయన పని. అలా చదువుతుండగా ఒక ఫైలులో అప్పన్న పేరు కనిపించింది.

ఆ ఫైలు సంగతి ఇది. యుద్ధంలో జపాను వాళ్ళు ఎస్టేటు కూలీలను వేలమందిని సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్ అడవుల్లోకి పట్టుకుపోయి రైలు పట్టాలు వేయించారు. అప్పన్న, అతని తమ్ముడు అక్కడికి పోయారు. అప్పన్న ఒక్కడే తిరిగొచ్చాడు. యుద్ధం అయ్యాక, 1946 జనవరిలో, ఇంగ్లీషు ఆఫీసరు ఒకాయన అతని వాంగ్మూలం తీసుకున్నాడు. ఎస్టేటు గుమాస్తా తెలుగులో రాశాడు, అప్పన్న వేలిముద్ర వేశాడు, మరొకడెవడో ఇంగ్లీషు చేశాడు. ఫలానా కాపలావాడు నా తమ్ముణ్ణి నిన్న కాక అంతకుముందు రోజు వానలో కొట్టి చంపాడు అని ఇంగ్లీషులో ఉంది. ఆ కాపలావాడు అప్పటికి నాలుగు నెలలుగా జైల్లో ఉన్నాడు. పైగా ఆ వారంలో వాన చుక్క పడలేదు. సాక్షి అబద్ధాలకోరు అని కొట్టేశారు. కాపలావాణ్ణి వదిలేశారు.

ఆ తెలుగు కాగితం ఫొటో మేజరు గారి దగ్గర ముప్పై ఏళ్ళుగా ఉంది. చదివేవాళ్ళు దొరకలేదు. ఇద్దరు ముగ్గురికి చూపిస్తే, చేతిరాత అర్థం కావడం లేదు, అయినా ఇంగ్లీషు కాపీ ఉంది కదా అన్నారట.

ఇక నేను స్వయంగా ఎరిగినది. గత సంవత్సరం అక్టోబరులో, తేదీ గుర్తులేదు, గురువారం సాయంత్రం, నేను చీర మీద స్వెటరు వేసుకుని వాకింగ్ చేస్తున్నాను. మేజరు గారు కర్ర పట్టుకుని ఎదురొచ్చి, టోపీ తీసి "వణక్కం" అన్నారు. అమెరికాలో ప్రతివాడూ మనల్ని మరేదో అనుకోవడం నాకు విసుగు. తమిళం కాదండీ, తెలుగు అన్నాను ఇంగ్లీషులో, కొంచెం గట్టిగానే. ఆయన రోడ్డు మధ్యలో ఆగిపోయారు. తెలుగు చదువుతారా అన్నారు. చదవడమేమిటి, ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని, డాక్టర్ల చేతిరాత కూడా చదువుతాను అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను గట్టిగా అన్నందుకేమో అనుకుని సారీ చెప్పాను.

ఆ తర్వాత ప్రతి శనివారం పది గంటలకు వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆయన టీ పెట్టేవారు. ఆ టీ తాగలేం. నేను పులిహోరో, ఉప్మానో స్టీలు క్యారేజీలో తీసుకెళ్ళేదాన్ని. నాకు ఇంగ్లీషు చదవడం, రాయడం బాగా వచ్చు. మాట్లాడితే నిదానం. ఆయనకు చెవులు నిదానం, అందుకని మా ఇద్దరికీ సరిపోయింది. ఆయన రెండు మూడు రోజులు ఎక్కడికైనా ఊరెళితే పిల్లికి నేనే తిండి పెట్టాలని తాళం చెవి ఒకటి నాకిచ్చారు.

కాగితం మసకగా ఉంది. పురుగు తిన్న చోట్లున్నాయి. పెద్దది చేయించి తెచ్చేసరికి డిసెంబరు వెళ్ళిపోయింది. జనవరి పదకొండు, శనివారం, పదిన్నరకు ఆ వాక్యం నాకు పూర్తిగా కుదిరింది. పైకి చదివాను. "మొన్న వానల్లోన మా తమ్ముడ్ని ఆడు ఎదురుకర్రతోటి కొట్టి సంపేసినాడు."

చదివి నేను ముందు మామూలుగా ఊరుకున్నాను. మా వైపు మాట, వెదురుని ఎదురే అంటాం, చక్కగా ఉంది. మేజరు గారు వేలు పెట్టి చూపించి, ఈ మాటే కదా డే బిఫోర్ ఎస్టర్‌డే అన్నారు. అప్పుడు గాని నాకు తట్టలేదు. అయ్యో రామా, కాదండీ అన్నాను. మొన్న అంటే నిన్నటికి ముందు రోజు, నిజమే. కాని మొన్న అంటే ఈ మధ్య అని కూడా. మొన్న పండక్కి అంటాం, ఆరు నెలలై ఉంటుంది. మొన్ననే పుట్టాడు అంటాం, వాడు అప్పుడే స్కూలుకెళుతుంటాడు. మొన్న వానల్లో అంటే గడిచిన వానాకాలంలో అని. అప్పటికి కాపలావాడు దర్జాగా క్యాంపులోనే ఉన్నాడు. అప్పన్న చెప్పింది అక్షరాలా నిజం.

మేజరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత "మొన్న" అన్నారు. ఆయన నోట అది "మోనా" అని వచ్చింది. నేను సరిదిద్దాను. మళ్ళీ అన్నారు, మళ్ళీ మోనాయే. ఇరవై సార్లు అనిపించి వదిలేశాను. టైము పదకొండు పది. పిల్లి ఆ కాగితం మీద పడుకుంది, తియ్యబోతే గీరింది.

జనవరి పద్దెనిమిది, శనివారం, ఉదయం పదకొండున్నరకు ఆయన గోధుమ రంగు తోలు సంచీ తన చేత్తో నా చేతికిచ్చారు. అందులో ఆ ఫొటో, ఆయన ఇప్పుడు రాస్తున్న మూడో పుస్తకం చివరి అధ్యాయం చేతిరాత ప్రతి, నోట్సు ఉన్నాయి. తెలుగు వాంగ్మూలాన్ని శుభ్రంగా ఎత్తి రాసి, పక్కనే సరైన ఇంగ్లీషు రాయమన్నారు. తొందరలేదు, అరవై ఏడేళ్ళు ఆగాను అన్నారు. సంచీ మా దేవుడి అలమరలో కింది అరలో పెట్టాను. ఇంట్లో పిల్లలు, పెద్దలు ఎవరూ చేయి పెట్టని చోటు అదొక్కటే.

ఫిబ్రవరి మూడు, సోమవారం, ఉదయం తొమ్మిదీ పదిహేనుకు వాళ్ళింటి ముందు అంబులెన్సు చూశాను. స్ట్రోక్ అన్నారు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. నాలుగో తేదీ, మంగళవారం, సాయంత్రం నాలుగూ పదికి తాళం తీసి లోపలికెళ్ళి పిల్లికి తిండి పెట్టాను. గుడ్డ సంచీలో పెరుగన్నం తీసుకెళ్ళాను, ఆ పిల్లికి ఇష్టం. శనివారం వదిలేసిన నా స్టీలు క్యారేజీ అదే సంచీలో తెచ్చుకున్నాను. ఎదురింటి డోర్‌బెల్ కెమెరాలో నేను సంచీతో వెళ్ళడం, సంచీతో రావడం ఉందన్నారు. ఉంటుంది. అది నేనే. సంచీలో ఉన్నది క్యారేజీ.

హెలెన్ గారు ఐదో తేదీన వచ్చారు. తండ్రి తోలు సంచీ కనపడలేదు. ఏడేళ్ళుగా ఆయన రాస్తున్న పుస్తకం చివరి అధ్యాయానికి అదొక్కటే ప్రతి. ఎదురింటివాళ్ళు కెమెరా చూపించారు. ఆమె పోలీసులకు ఫోన్ చేశారు. ఆమె స్థానంలో నేనున్నా అదే చేస్తాను.

ఆరో తేదీ, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలకు డిటెక్టివ్ వార్డ్ గారు మా గుమ్మంలోకి వచ్చారు. ముప్పై ఒక్క ఏళ్ళు పోలీసుల మధ్యే బతికాను. అయినా వాళ్ళు కోర్టుకొస్తే వేరు, మన గుమ్మానికొస్తే వేరు. నాకున్న ఇంగ్లీషంతా ఎగిరిపోయింది. ఇంట్లో నా మనవరాలు అవని ఒక్కతే ఉంది. పందొమ్మిదేళ్ళు, కాలేజీలో చదువుతోంది. తెలుగు వారం వారం నేను నేర్పిందే. అదే నా మాట ఆయనకు ఇంగ్లీషులో చెప్పింది.

సంచీ మీ దగ్గరుందా అని అడిగారు. ఉంది అని తెచ్చి చేతిలో పెట్టాను. ఎప్పుడిచ్చారు అని అడిగారు. చెప్పాను. అవని ఇంగ్లీషు చేసింది. డిటెక్టివ్ గారు రాసుకోవడం ఆపి నా మొహంలోకి చూశారు. నాలుగో తేదీన ఆయన ఐసీయూలో ఉన్నారు కదమ్మా, చేత్తో ఎలా ఇస్తారు అన్నారు. నాలుగో తేదీ ఏమిటి, జనవరిలో ఇచ్చారు అన్నాను. ఆయన అది కూడా రాసుకున్నారు. ఏం రాసుకున్నారో నాకు తెలుసు. సాక్షి మాట మార్చింది అని. నేనే ఎందరి గురించో రాశాను ఆ ముక్క.

ఆయన వెళ్ళగానే అవని మీద విరుచుకుపడ్డాను. "ఏటే, నేనొకటంటే నువ్వొకటి చెప్తావేటి?" అన్నాను.

"అమ్మమ్మా, నువ్వు అదే చెప్పావ్! ఐ స్వేర్. నేను ఎగ్జాక్ట్‌గా ట్రాన్స్‌లేట్ చేశా" అంది.

"నేనలా అన్లేదు."

"అన్నావ్! ఎందుకు లై చేస్తున్నావ్ అమ్మమ్మా?"

ఆ మాట నాకు ఇక్కడ తగిలింది. ఎక్కడ అని లక్ష్మీపతి గారు అడుగుతున్నారు. గుండెలో అని రాయండి. నేను అబద్ధం ఆడుతున్నానని అది నిజంగా నమ్మింది. అది నన్ను ఇరికించిందని నేనూ నిజంగా నమ్మాను. తొమ్మిది రోజులు మేమిద్దరం మాట్లాడుకోలేదు. నేను దోసె వేసి టేబుల్ మీద పెడితే తీసుకోదు. అది గుడ్ మార్నింగ్ అంటే నేను పలకను. ఎవరికీ వినపడకుండా నేను బాత్రూమ్‌లో ఏడ్చాను. అదీ ఏడ్చిందని తర్వాత తెలిసింది.

అల్లుడు మోహన్ మంచివాడు, కాని భయస్థుడు. "అత్తయ్యగారూ, ప్లీజ్, ఇంక ఎవరితోనూ ఏమీ మాట్లాడొద్దు. లాయర్‌తో అపాయింట్‌మెంట్ బుక్ చేశా. థెఫ్ట్ కేస్ అంటే సిటిజెన్‌షిప్ మాట దేవుడెరుగు, గ్రీన్ కార్డ్ కూడా ప్రాబ్లమ్ అవ్వచ్చు" అన్నాడు. రేణు రెండు రోజులు ఆఫీస్‌కి వెళ్ళలేదు. నాకు సిటిజెన్‌షిప్ పోతుందని బెంగ లేదు. దొంగ అన్నా తట్టుకునేదాన్నేమో. అబద్ధాలకోరు అన్నది తట్టుకోలేకపోయాను. మా వీధిలో పిల్లలు సైకిళ్ళ మీద పోతూ అరిస్తే కూడా కిటికీ వేసుకునేదాన్ని. వాళ్ళు అరిచేది వాళ్ళ ఆటలో మాటలు, నాకు తెలుసు. అయినా వేసుకునేదాన్ని.

ఫిబ్రవరి పదిహేను, శనివారం, ఉదయం పదకొండు గంటలకు హెలెన్ గారు మా తలుపు కొట్టారు. అవని తీసింది. నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. అక్కడి నుంచి గుమ్మం కనిపిస్తుంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపలికి రాలేదు. ఈ చుట్టుపక్కల మోనా అనే ఆవిడ ఎవరైనా ఉన్నారా అని అడిగారు.

అవని ఆలోచించింది. "ఫ్రిస్కోలో మోనా ఆంటీ ఉంది, మా మామ్ ఫ్రెండ్. బట్ ఆమె ఎప్పుడూ ఇక్కడికి రాలేదు" అని ఇంగ్లీషులో చెప్పింది.

హెలెన్ గారు చెప్పింది ఇది. నాన్నకు నిన్నటి నుంచి ఒకటీ అరా మాట వస్తోంది. సంచీ ఎలా పోయిందో, ఎలా దొరికిందో చెప్పాను. సంచీ ఆయనే డే బిఫోర్ ఎస్టర్‌డే ఇచ్చారని మీ అమ్మమ్మ పోలీసులతో అన్నదీ చెప్పాను. ఆ ముక్క వినగానే ఆయన నవ్వారు. సగం మొహంతో, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వారు. నర్సు పరుగెత్తుకొచ్చింది. అప్పటి నుంచి మోనా, మోనా అంటున్నారు. మా అమ్మ పోయాక ఎవరినైనా పెళ్ళి చేసుకున్నారేమో నాకు తెలియదు, దయచేసి చెప్పండి, ఆమెను పిలిపిస్తాను అన్నారు.

బెండకాయ కత్తిపీట దగ్గరే వదిలేశాను. లేచి గుమ్మంలోకి వెళ్ళాను. తొమ్మిది రోజుల తర్వాత అవనితో మాట్లాడాను.

"ఆ రోజు పోలీసాయనతో నేనేమన్నానే? ఉన్నదున్నట్టు చెప్పు."

"మొన్ననే ఇచ్చారు, ఆయన చేత్తోటే. అదే అన్నావ్ అమ్మమ్మా. మొన్న అంటే డే బిఫోర్ ఎస్టర్‌డే. నువ్వే కదా నేర్పావ్. నిన్న, మొన్న, అటుమొన్న. వేళ్ళ మీద లెక్కపెట్టించావ్."

నేర్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టించాను. అప్పన్న కాగితంలో ఆ తప్పు పట్టుకుని నెల తిరక్కుండా అదే తప్పు నా నోటితో నేనే చేసి, తొమ్మిది రోజులు ఆ పిల్లను ఏడిపించాను. ఏ మాట అన్నానో నాకే గుర్తులేదు. మన నోట్లోంచి వచ్చిన మాట మనం వినం కదా. "ఓసి నా తల్లీ, మోనా కాదే, మొన్న! మేజరు గారు మొన్న అంటున్నార్రా!" అని గుమ్మంలోనే కూలబడి నవ్వాను. అవనికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత అది కూడా నా పక్కన కూర్చుని, నవ్విందో, ఏడ్చిందో, నా భుజం మాత్రం తడిసింది. "సారీ అమ్మమ్మా" అంది. "నువ్వు సరిగానే చెప్పావే, తప్పు నాది" అన్నాను. హెలెన్ గారు పాపం మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డారు.

అవని ఆమెకు నెమ్మదిగా వివరించింది. ఆ సంచీని పోలీసులు ఆమెకే ఇచ్చేశారు. ఆమె ఆసుపత్రిలో మంచం పక్కన పెట్టుకున్నారు గాని తెరవలేదు, తండ్రి చేతిరాత చూడలేకపోయానన్నారు. సాయంత్రం తెరిచి ఫోన్ చేశారు. నోట్సులో జనవరి పదకొండు తేదీ కింద, ఆర్ గారు మొన్న అనే మాట వివరించారు అని ఉంది. పద్దెనిమిది తేదీ కింద, సంచీ ఆర్ గారికి ఇచ్చాను, ఉదయం 11.30 అని ఉంది. ఆర్ అంటే నేను. అవని ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. హెలెన్ గారు అది చదివి వినిపించారు. హమ్మయ్య అనుకున్నాను. పైకి కూడా అన్నాను. మోహన్ సోఫాలో పడుకుండిపోయాడు, రేణు పెరుగు తోడు పెట్టడం మర్చిపోయింది. ఆ రాత్రి అవని నా చేతి దోసెలు నాలుగు తింది.

పదిహేడో తేదీ, సోమవారం, మధ్యాహ్నం రెండు గంటలకు హెలెన్ గారు నన్ను ఆసుపత్రికి రమ్మన్నారు. అవని డ్రైవ్ చేసింది. మేజరు గారు నన్ను చూసి "మోనా" అన్నారు. మొన్న అండీ, మొన్న, ఇన్ని వారాలైనా రాలేదా అన్నాను. సగం మొహంతో నవ్వారు. నేను ఎత్తి రాసిన అప్పన్న వాంగ్మూలం మొదటి నుంచి చివరి దాకా పైకి చదివాను, తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. కళ్ళు మూసుకుని విన్నారు. తమ్ముడి పేరు వచ్చిన చోట చెయ్యెత్తి మళ్ళీ చదవమన్నారు. తమ్ముడి పేరు సోములు. మళ్ళీ చదివాను.

అధ్యాయం చివర ఆయన రాయాలనుకున్నది రాయకుండానే పడిపోయారు. ఏం రాయాలండీ అని అడిగాను. "అప్పన్న. ట్రూ" అన్నారు. కాసేపటికి "నవ్వాను" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట అన్నారు. నేను రెండూ కలిపి అప్పన్న కాగితం ఫొటో కింద ఖాళీలో ఇలా రాశాను: అప్పన్న వాంగ్మూలం మూలప్రతి చదివించుకుని విన్నాను. అతను చెప్పింది నిజం. 1958లో నేను అతణ్ణి చూసి నవ్వాను. అది తప్పు.

చదివి వినిపించాను. ఆయన ఎడమచెయ్యి దుప్పటిలోంచి తీసి బొటనవేలు పైకెత్తి చూపించారు. హెలెన్ గారు సంతోషపడిపోయి, ఓకే అంటున్నారు, బాగుంది అంటున్నారు అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపి, వేలు ఇంకా పైకెత్తారు. నాకు అర్థమైంది. కాదమ్మా, సంతకం చెయ్యడానికి కుడిచెయ్యి రాదు కదా, వేలిముద్ర వేస్తానంటున్నారు అన్నాను.

ఇంకు లేదు. నా హ్యాండ్‌బ్యాగ్‌లో కాటుక డబ్బీ ఉంది. స్టాంపు ప్యాడు ఎండిపోయిన రోజుల్లో మా కోర్టులో కాటుకతో వేయించిన ముద్రలున్నాయి. ఆ సంగతి ఏ జడ్జి గారికీ తెలియదు, ఇప్పుడు చెప్పినా నా పెన్షన్‌కి ఇబ్బంది లేదనుకుంటాను. మగవాళ్ళకు ఎడమ బొటనవేలే వేయిస్తాం. ఆయనకు మిగిలిన చెయ్యి కూడా అదే. వేలికి పల్చగా కాటుక రాసి, పట్టుకుని, "బిగపట్టకండి. మీరు నొక్కకండి, నేను నొక్కుతాను. వదిలెయ్యండి" అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి మనిషికీ చెప్పిన ముక్కే. ఆయన వదిలేశారు. ముద్ర చక్కగా పడింది, గీతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. పైన ఫొటోలో అప్పన్న వేలిముద్ర, కింద మేజరు గారిది. నాకు ఒక్కసారిగా ఒళ్ళు తేలికైంది. సమయం మూడు గంటల ఐదు నిమిషాలు.

ఆ కాగితం కాపీ అసలు ఫైలు పక్కన పెట్టమని హెలెన్ గారు నిన్న లండన్‌కి పంపారు. మేజరు గారికి రేపటి నుంచి నడక నేర్పుతారట. బ్రిగేడియర్ మా ఇంట్లో ఉంది. దేవుడి అలమర కింది అర ఖాళీ అయింది కదా, అక్కడ పడుకుంటోంది.

నేను చెప్పవలసింది ఇంతే. లక్ష్మీపతి గారు దీన్ని నాకు మొదటి నుంచి చదివి వినిపించారు. రెండు చోట్ల ఆయన భాష బాగుచేశారు, ఆ రెండూ మళ్ళీ నా భాషలోకి మార్పించాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. ఊహించి చెప్పింది లేదు. ఎవరి బలవంతమూ లేదు, నా అంతట నేను వచ్చి అడిగి ఇచ్చాను. ఫిబ్రవరి ఆరున నా పేరు మీద రాసుకున్న తేదీ పక్కన జనవరి 18, శనివారం, ఉదయం 11.30 అని చదువుకోవలసిందిగా కోరుతున్నాను. మొన్న అన్న మాట ఈ వాంగ్మూలంలో ఇతరులు అన్నప్పుడో, దాని అర్థం చెప్పేటప్పుడో తప్ప నేను ఎక్కడా తేదీగా వాడలేదు.

ఇక్కడ పెన్ను ఇవ్వరట. పలక లాంటి ట్యాబ్లెట్ ఇచ్చి వేలితో గీయమన్నారు. గీశాను.

(వేలితో) పెంటకోట రాజేశ్వరమ్మ

సాక్షి: అవని, మనవరాలు. తెలుగులో సంతకం చేసింది.